కిరసనాయిలు వాసనొచ్చిన పడవలు

ఆ రోజుల్లో రంగులు ఏ కొట్లోనైనా దొరికేవి గానీ, వాటిని ముట్టుకునే అర్హత మాత్రం పాత ఊళ్లో మా సాయిబు మాస్టారి దగ్గరే దొరికేది. (ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు.) వారంలో ఆరు రోజులు దుకాణాలకి బోర్డులు రాసి, ఆదివారం తన ఇంటి వరండాలో మాకు బొమ్మలు నేర్పేవారు. ఆయన నియమం ఒక్కటే. చేపల రేవుకి వెళ్లి, అక్కడే కూర్చుని, పెన్సిలుతో ముప్పై పడవలు వేసుకురావాలి. అవి ఆయనకి నచ్చితే కుంచె చేతికిస్తారు, లేకపోతే పెన్సిలే గతి. నాకు అప్పటికి పద్దెనిమిదేళ్లు. పెన్సిలుతోనే ఏడాదిన్నర గడిచిపోయింది. నాతోపాటు చేరిన స్నేహితుడొకడు (కనబడ్డవాణ్ణల్లా బావా అని పిలిచేవాడు కాబట్టి మేం వాణ్ణే బావ అనేవాళ్లం) అప్పటికే ఎర్రటి సూర్యుళ్లని వేసి పారేస్తున్నాడు. వాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

నా ఇబ్బంది నాది. నాన్నగారి ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి రేవుకి దూరంగా గోపాలపట్నంలో కాపురం పెట్టిన వాళ్లం. మా అమ్మకి ఉల్లిపాయ వాసనే గిట్టదు, ఇక చేపల రేవుకి వెళ్లొచ్చిన చొక్కాని గడప దాటనిస్తుందా? మొదటిసారి వెళ్లొచ్చిన పాపానికి నన్ను పెరట్లో నిలబెట్టి నాలుగు బకెట్ల నీళ్లు గుమ్మరించింది. అందుకని నేను మహా తెలివిగా ఇంట్లోనే కూర్చుని, గోడమీది క్యాలెండర్లో ఉన్న ఒకే ఒక్క పడవని అటు తిప్పీ ఇటు తిప్పీ ముప్పై చేశాను. మాస్టారు ఆ కాగితాలు తీసుకుని, బొమ్మల వంక కన్నెత్తి చూడకుండా, చూపుడువేలితో ఒక్కసారి రుద్ది, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకున్నారు. "మళ్లీ ఏసుకురా" అన్నారు. అంతే.

ఎలా కనిపెట్టాడీ మనిషి? వారమంతా నాకు అన్నం సయించలేదు. సిగ్గుపడాల్సిన చోట సిగ్గు రాలేదు గానీ కుతూహలం మాత్రం కుప్పలు తెప్పలుగా వచ్చింది. మరుసటి ఆదివారం బొమ్మ వెయ్యడం మానేసి ఆయన వేలినే చూస్తూ కూర్చున్నాను. అందరి కాగితాల్నీ అలాగే రుద్దుతున్నారు. బావ కాగితం మీద రుద్దిన వేలు నల్లగా వచ్చింది. అప్పుడు వెలిగింది నాకు. రేవు పక్కనే ఓడల్లోంచి బొగ్గు దించుతుంటారు కదా, ఆ దుమ్ము అక్కడ కూర్చున్నవాడి జుట్టు మీదా, చేపల మీదా, కాగితం మీదా సమానంగా పడుతుంది. గోపాలపట్నం కాగితం మాత్రం ఇస్త్రీ చొక్కాలా తెల్లగా ఉంది! ఈ సంగతి బావకి చెబితే, రేవుకెళ్లి కూర్చుంటే బొగ్గు దానంతటదే పడుతుంది కదా అన్నాడు. అంత తిన్నని దారి నాకెందుకు నచ్చుతుంది? ఇంటికెళ్లి, అమ్మ చూడకుండా స్టవ్వు మసి గీకి, ముప్పై కాగితాల మీదా పలచగా చల్లి, ఉఫ్ మని ఊదాను.

తరువాతి వారం మాస్టారి వేలు నల్లగా వచ్చింది. నేను అప్పటికే కుంచెల డబ్బా వైపు చెయ్యి చాపబోతున్నాను. ఆయన ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఓడలో బొగ్గుకి కిరసనాయిలు వాసనొత్తాదేటి బేటా?"

వరండా వరండా అంతా ఘొల్లుమంది. మాస్టారు లుంగీ అంచుతో కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వారు. ఆయన నవ్వులో ముద్దే తప్ప వెక్కిరింత లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకున్నదల్లా ముక్కుమీద కోపం. కాగితాలు లాక్కుని మెట్లు దిగాను, మళ్లీ ఎక్కలేదు.

ఆ తరువాత ఫ్యాక్టరీలో డ్రాయింగు సెక్షన్లో ఉద్యోగం, పొద్దస్తమానం గొట్టాలూ బోల్టులూ గియ్యడం. (పెన్సిలే. అంతా నలుపూ తెలుపే.) ఇరవయ్యేళ్లకి కాబోలు, మద్దిలపాలెం బస్టాపులో మాస్టారు ఎదురుపడ్డారు. నేను తల తిప్పుకునేలోపే, పోయిన ఆదివారం ఎందుకు రాలేదని అడిగారు, ఒక్క వారమే ఎగ్గొట్టినట్టు. పనుండి రాలేకపోయానండీ అన్నాను. ఈ ఆదివారం రమ్మన్నారు. తప్పకుండా వస్తానన్నాను. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఇప్పటికీ తెలియదు, తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

మొన్న వానాకాలంలో ఆయన పోయారు. పలకరించడానికి వెళ్లి, ఖాళీ వరండా చూడగానే పెద్దవాణ్ణన్న సంగతి మరిచిపోయి ఏడ్చేశాను. మాస్టారి అమ్మాయి మంచినీళ్లిచ్చి, ఎవరు మీరు అని అడిగింది. స్టవ్వు మసి సంగతి చెప్పాను.

"ఆ కిరసనాయిలు పడవలాయన మీరేనా? కొత్తగా ఎవరొచ్చినా మా అబ్బా మీ కతే సెప్పేవోరు. ఆ రోజు నాను నవ్వకుండా ఉండాల్సిందమ్మా అనీవోరు."

ఆదివారం పాఠాలు ఇప్పుడు ఆమే చెబుతోందట. నాకూ నేర్పుతావా తల్లీ అని నీళ్లు నమిలాను. రూలు రూలేనంది.

రిటైరై ఏడాదైన నేను ఇప్పుడు పొద్దున్నే రేవు గట్టున కూర్చుంటున్నాను. పదకొండు పడవలయ్యాయి. మొన్న ఆదివారం వరండాలో నా పక్కన కూర్చున్న ఏడేళ్ల పిల్ల, మోచేతుల దాకా పచ్చరంగు పూసుకుని, నా పెన్సిలు వంక జాలిగా చూసింది.

"తాతా, నీకింకా రంగులియ్యలేదేటి?"

లేదమ్మా, ఇంకా పంతొమ్మిది పడవలున్నాయన్నాను. బేగి ఎయ్యమంది. సరేనని బుద్ధిగా తలూపాను.