సుక్రమ్మ పేర్చిన చింతపిక్కలు

ఇది రాసి పెట్టక తప్పలేదు. ఈ సంగతి మా అరకు సంతలో ఇప్పటికే రెండు రకాలుగా తిరుగుతోంది. నా మేనకోడలు దేవిక అంత చదువు చదివి పాస్‌వర్డ్ గోడ మీద రాసుకుందని కొందరంటున్నారు. వాళ్ళ నానమ్మ సుక్రమ్మకి ఏదో విద్య తెలుసని ఇంకొందరు గుసగుసలాడుతున్నారు. మొదటిది అబద్ధం. రెండోది ప్రమాదం. మా కొండల్లో ఒక ముసలామె చిల్లంగి, అంటే చేతబడి, పెడుతుందన్న పేరు పడితే ఆమె ప్రాణానికే ముప్పు. అందుకని, దగ్గరుండి చూసిన మనిషిగా, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నేను దెయ్యాల్నీ పూనకాల్నీ ఏనాడూ నమ్మలేదు. వృత్తికి టైలర్ని. బడిలో చదివింది తొమ్మిదో తరగతే. కానీ ఇరవై ఏళ్ళుగా మధ్యాహ్నం మిషను ఆపి శాఖా గ్రంథాలయానికి వెళ్తున్నాను. అక్కడ నేను తెరవని బీరువా లేదు. గ్రహణాలెందుకు పడతాయో, కలలెందుకొస్తాయో అక్కడే తెలుసుకున్నాను. దేనికైనా కారణం ఉంటుంది, ఒక పుస్తకంలో దొరక్కపోతే ఇంకోటి వెతకాలి. అదీ నా పద్ధతి.

దేవిక నా చెల్లెలు రాధ కూతురు. విశాఖపట్నంలో యూనివర్సిటీలో కంప్యూటర్, సమాచార భద్రత చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడల్లా నా మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేర్చుకున్న పాఠం నాకు చెప్పేది. ఆ చదువంటే నాకు గౌరవం కలిగింది అక్కడే. తాళం ఎలా చేశారో దొంగకి పూర్తిగా తెలిసినా ఫర్వాలేదు, తాళంచెవి ఒక్కటి దాచుకుంటే చాలు, అలా ఉంటేనే అది మంచి తాళం అట. అది విన్న ఆనందంలో నేను ఒక జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టేశాను.

పాస్‌వర్డ్ గురించి కూడా అదే చెప్పింది. మనిషి మనసుతో ఎంచుకున్న మాటని ఇంకో మనసు ఊహించగలదు. కాబట్టి మనసు పెట్టకుండా ఎంచుకోవాలి. దానికి పాచికలు వేస్తారట. మా దేవిక చింతపిక్కలు వేసింది.

ఎనిమిది పిక్కల్ని ఒకవైపు రాయి మీద అరగదీసి తెల్లగా చేసింది. ఎగరేస్తే ఒక్కోటీ నల్లగానో తెల్లగానో పడుతుంది. వరసగా చూస్తే ఎనిమిదింటికీ కలిపి రెండువందల యాభై ఆరు రకాలు. ఒక్కో రకానికి ఒక్కో మాట. ఆ మాటల జాబితా తయారుచేసింది నేనే. నిఘంటువు ముందు పెట్టుకుని రెండు వారాలు కూర్చుని, సున్నా నుంచి నంబర్లు వేసి నోటుబుక్కులో రాశాను.

"మావా, ఈ జాబితా బస్టాండు గోడకి అంటించుకున్నా నాకు భయం లేదు. పిక్కలు ఎలా పడ్డాయో తెలియకపోతే చాలు" అంది.

తర్వాత ఆ నోటుబుక్కు తీసుకెళ్ళి, హాస్టల్ గదిలో, తలుపు గడియ పెట్టుకుని, ఒక్కతే కూర్చుని ఎనిమిదిసార్లు ఎగరేసింది. వచ్చిన ఎనిమిది మాటల్నీ వరసగా కంఠస్థం చేసి, కాగితం కాల్చేసింది, నోటుబుక్కు తెచ్చి నాకిచ్చేసింది.

ఆ తాళం కింద ఏం పెట్టిందో చెప్పాలి. దాని ప్రాజెక్టు ఫోన్ మోసాల మీద. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నంబరు అడిగి ఖాతా ఊడ్చేస్తారు కదా, అలా మోసపోయిన ఆడవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో చాలామందే ఉన్నారు. మొగుడికి కూడా చెప్పుకోలేదు. దేవిక వాళ్ళ ఇళ్ళకి నడిచి వెళ్ళి, పేరు గాని గొంతు గాని బయటికి పోదని మాటిచ్చాక, దాని ముందు నోరు విప్పారు. ఆ మాట కోసమే రికార్డింగులన్నీ తాళం వేసింది. కాపీలు మూడుచోట్ల దాచింది, అన్నిటికీ ఆ తాళమే. తాళంచెవి మాత్రం దాని తలలో తప్ప ఇంకెక్కడా లేదు. వాళ్ళ గైడు పూర్ణ మేడమ్ అది రాసి, కవర్లో పెట్టి సీలు వేసి తనకి ఇవ్వమని రెండుసార్లు చెప్పారట. ఇస్తానని ఇవ్వలేదు. మొత్తం మీద దేవిక చేసిన తప్పు అదొక్కటే.

మార్చిలో దానికి మలేరియా జ్వరం మెదడుకెక్కింది. పది రోజులు విశాఖ ఆస్పత్రిలో ఉంది. ప్రాణం దక్కింది. మనుషులందర్నీ గుర్తుపట్టింది, పాఠాలు గుర్తున్నాయి. ఆ ఎనిమిది మాటల్లో మాత్రం మొదటిది, 'పిచ్చుక', ఒక్కటే మిగిలింది. మిగతా ఏడూ పోయాయి. ఏడు మాటలకి ఎన్ని అవకాశాలో నేను గ్రంథాలయంలో కూర్చుని లెక్కవేశాను. పదిహేడు అంకెల సంఖ్య వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను, దేవికకి చూపించలేదు.

ప్రాజెక్టు ఇవ్వడానికి నాలుగు రోజులున్నాయనగా నేను నోటుబుక్కు పట్టుకుని, దేవిక కోలుకుంటున్న వాళ్ళ ఊరు వెళ్ళాను. అరకు నుంచి జీపు దిగి కొండెక్కాలి. ఉదయం పదిగంటలైంది, మంచు విడిపోయి ఎండ బాగా కాస్తోంది. సుక్రమ్మ అరుగు మీద కూర్చుని సంతకి చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమె పూజలు చేసి పూనకం తెచ్చుకునే గురుమాయి కాదు, సోదె చెప్పే మనిషి కాదు. కాఫీ తోటలో పని చేసుకునే మామూలు మనిషి. అక్షరం రాదు.

నేను జాబితాలో మాటలు ఒక్కొక్కటీ చదువుతుంటే, ఏదైనా గుర్తొస్తుందేమోనని దేవిక ల్యాప్‌టాప్ ముందు కళ్ళు మూసుకుని వింటోంది. నూరు దాటేసరికి ఏడుపు మొదలెట్టింది.

"మళ్ళీ వెళ్ళి రికార్డు చేసుకో" అన్నాను.

"ఒకసారి ఏడ్చినోళ్ళని మళ్ళీ నా కోసం ఏడవమననా మావా? దానికన్నా ఫెయిలైపోవడం నయం."

సుక్రమ్మ చేట పక్కన పెట్టింది. "ఏటే గుంటా, పొద్దుట్నుంచి ఆ పెట్టి ముందు కూకుని ఏటా ఏడుపు?"

దేవిక ముక్కు చీదుకుంటూ చెప్పింది, పిక్కలు ఎనిమిదిసార్లు ఎగరేశాననీ, ఎలా పడ్డాయో మరిచిపోయాననీ.

"ఓసి, దీనికేనా! ముసిల్దాన్నైంది నేనా నువ్వా? బేగి ఇలా రా."

చేటలోంచి ఎనిమిది పిక్కలు ఏరింది. పొగాకుతో నలుపుకునే సున్నం డబ్బీ తీసి ఒక్కో పిక్కకీ ఒకవైపు సున్నం రాసింది. ఆరనిచ్చింది. ఎగరేస్తుందనుకున్నాను. ఎగరేయలేదు. మునగాకు దూసినంత తేలిగ్గా ఒక్కోటీ తీసి వరసలో పెట్టింది. నలుపు, తెలుపు, నలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, తెలుపు.

నలుపుకి సున్నా, తెలుపుకి ఒకటి చొప్పున దేవిక లెక్కకట్టి "డెబ్భై అయిదు" అంది. నేను నోటుబుక్కులో చూశాను. డెబ్భై అయిదు ఎదురుగా నా చేతిరాతలో 'పిచ్చుక' అని ఉంది.

నేను ఆ అంకె మళ్ళీ చూసుకున్నాను. దేవిక పెన్ను తీసి రెండో వరస కోసం చూస్తూ కూర్చుంది. సుక్రమ్మ పిక్కలు చెరిపి మళ్ళీ పేర్చింది. అయిదో వరసలో చివరి పిక్క నల్లగా పెట్టి, కాసేపు చూసి, తిప్పి తెల్లగా పెట్టింది. ఎనిమిదో వరస అయ్యాక చేతులు దులుపుకుని చేట దగ్గరకి లాక్కుంది.

దేవిక ఎనిమిది మాటలూ కొట్టింది. తాళం తెరుచుకుంది.

ఎవరో ఒక ఆడమనిషి గొంతు "అమ్మా, నేను..." అంటూ మొదలైంది. అంత సంతోషంలోనూ దేవిక చెయ్యి టక్కున ఆ గొంతు ఆపేసింది, నేను వినకూడదని. దాన్ని చూసి నేను అంత గర్వపడ్డ క్షణం ఇంకోటి లేదు.

"అత్తా, నీకెలా తెలుసు?" అని అడిగాను.

"తెలియడానికేటుంది సోములూ? అది ఎగరేత్తన్నప్పుడు పక్కనే కూకున్నాను కదా. ఓపాలి చివరి పిక్క ఇనప మంచం కిందకి దొర్లిపోతే, తీసి మళ్ళీ ఎగరేసింది."

దేవిక నావైపు తిరిగింది. అయిదోసారి నిజంగా అలాగే జరిగిందట. ఆ సంగతి అది ఎవరికీ చెప్పలేదు. సుక్రమ్మ జీవితంలో విశాఖపట్నం చూడలేదు. ఆస్పత్రికి కూడా రాలేదు.

జ్వరంలో దేవిక పలవరించి ఉంటుందని మొదట అనుకున్నాను. పది రోజులూ మంచం పక్కనే ఉన్న రాధని, రాత్రి డ్యూటీ చేసిన నర్సు మేరీ గారిని అడిగాను. అమ్మని పిలిచింది, నీళ్ళడిగింది, అంతే అన్నారు. ఒకవేళ మాటలు పలికినా వాటిని నలుపు తెలుపుల్లోకి మార్చాలంటే నా జాబితా కావాలి, లెక్క రావాలి. ఆ నోటుబుక్కు అప్పుడు నా బీరువాలో ఉంది. జ్ఞాపకశక్తి మీద, యాదృచ్ఛిక సంఘటనల మీద గ్రంథాలయంలో దొరికినవన్నీ మళ్ళీ చదివాను. పదిహేడు అంకెల్ని ఏ పుస్తకమూ దాటించలేకపోయింది.

ఆ మధ్యాహ్నమే దేవిక కొత్తగా పిక్కలు ఎగరేసి పాస్‌వర్డ్ మార్చేసింది. ఇంకొకరికి తెలిసిపోయిన తాళంచెవి, ఆ ఇంకొకరు నానమ్మే అయినా, చెల్లదట. ఈసారి కవరు మేడమ్‌కి చేరింది, ప్రాజెక్టూ గడువులోపే చేరింది.

నేను మాత్రం ఆగలేక, కొత్తది కూడా అడిగి చూద్దాం, శాస్త్రం అంటే పరీక్షే కదా అన్నాను.

"వద్దు మావా. చెప్పలేకపోతే నానమ్మ అబద్ధాలకోరు అంటారు. చెబితే నానమ్మని బతకనివ్వరు. ఎవర్నీ ప్రమాదంలో పెట్టకుండా ఉండటానికేగా నేను ఇది చదివింది."

అడగలేదు. ఇవాళ్టికీ నాకు కారణం తెలియదు.

నిఘంటువు ఇంటికి తీసుకెళ్ళనిచ్చిన గ్రంథాలయాధికారి సన్యాసిరావు గారికి, గడువు చివరి గంట దాకా ఆఫీసులో కూర్చున్న పూర్ణ మేడమ్‌కి, నా ప్రశ్నలకి విసుక్కోకుండా జవాబిచ్చిన నర్సు మేరీ గారికి, మా రాధకి, ఇదంతా రాసుకోవడానికి ఒప్పుకున్న దేవికకి, చదివి వినిపిస్తే "ఇందులో రాయడానికేటుంది" అని నవ్విన సుక్రమ్మత్తకి నా కృతజ్ఞతలు. నమ్మి నోరు విప్పిన ఆ ఆడవాళ్ళకి కూడా. వాళ్ళ పేర్లు రాయలేను. దేవిక నాకూ చెప్పలేదు.