గేరు రాడ్డులో తోలుముక్క

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంటి పెద్దకొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండిన రోజున తండ్రి అతణ్ణి కారులో కూర్చోబెట్టి, గేరు కడ్డీ మీద అతని చెయ్యి పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి నాలుగు గేర్లూ వేయిస్తాడు. దాన్ని చెయ్యి అప్పగించడం అనేవాళ్లు. అది ఎడమ చేతి పని కాబట్టి పురోహితుడు మొదట ఒప్పుకోలేదట. తాతగారు వినలేదు. ఆయన నాన్నగారికి అప్పగించారు, నాన్నగారు నాకు.

పుంగనూరు దగ్గర మాకున్న పొలాలు, తోటలు, చివరికి మిద్దె కూడా చేతులు మారాయి. కారు మారలేదు. పైకప్పు లేని, రెండు సీట్ల ఆ స్పోర్ట్స్ కారును తాతగారు బెంగళూరులో ఒక దొర దగ్గర కొన్నారు. ఎంతోమంది డ్రైవర్లు గేర్లు కరకరలాడించి, సిగ్గుపడి దిగిపోయారు. మా ఇంటివాళ్ల చేతికి తప్ప లొంగదని ఊళ్లో చెప్పుకునేవారు. నేనిప్పుడు అద్దె ఇంట్లో ఉంటున్నాను. అయినా ఆ మాట ఎవరైనా అన్నప్పుడు కాదని చెప్పలేదు. నాకు మిగిలింది అదొక్కటే.

పోయిన మాఘంలో ఒక ఉదయం మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు ముందు, లారీల మధ్యలో, గేరు కడ్డీ సంగటి కుండలో తెడ్డులాగా ఊరికే తిరిగింది. ఏ గేరూ పడలేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. నేను దిగలేదు. నిటారుగా కూర్చునే ఉన్నాను. హమాలీలు నలుగురు వచ్చి కారును, అందులో ఉన్న నన్నూ కలిపి ఎదురు సందులోని షెడ్డు దాకా తోశారు.

ఆ షెడ్డు మెకానిక్ అరవై దాటిన సాయిబు. టమాటా వ్యాన్లు, పట్టుదారం తీసే మిషన్లు బాగుచేస్తాడు. వచ్చినవాళ్లందరినీ అప్పా అంటాడు, నన్ను కూడా. గేరు వేసి చూపించమన్నాడు. ఎడమకు నొక్కి, కొంచెం పైకెత్తి, అరక్షణం ఆగి ముందుకు తోయాలని, అది మా ఇంట్లో తండ్రి కొడుక్కి నేర్పే విద్య అని చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"విద్య కాదప్పా ఇది. బుష్షు అరిగిపోయిండాది. లూజు యాడుండాదో మీ చెయ్యి ఎతుక్కుంటా ఉండాది, అంతే."

నాకు కోపం వచ్చింది. కానీ దానికంటే ముందే, ఎలా అరిగింది, ఎక్కడ అరిగింది అన్న కుతూహలం పుట్టింది. స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నాను. అన్నేళ్లు నడిపినా ఆ కడ్డీ కింద ఏముందో నేనెప్పుడూ చూడలేదు.

సీట్లు తీసి, మధ్యలో ఉన్న రేకు మూత విప్పాడు. చేతిలో ఉండే కడ్డీ కింద ఒక పొడవాటి రాడ్డు, అది వెనక్కి వెళ్లి గేరుబాక్సును కదిలిస్తుంది. రాడ్డుకు రెండు కీళ్లు. కీలులో పిన్ను, పిన్ను చుట్టూ ఉంగరంలాంటి తొడుగు, అదే బుష్షు. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగింది. పిన్ను నడుము దగ్గర సన్నబడింది. వెనక కీలులో నల్లగా ఏదో ఉంటే గ్రీసు గడ్డ అనుకున్నాం. స్క్రూడ్రైవరుతో గీకితే ఊడి వచ్చింది. మూడు మడతలు వేసి, అంచు వెంట దగ్గర దగ్గరగా కుట్టిన తోలుముక్క.

అతను దాన్ని కిరసనాయిలుతో కడిగి వెలుతురులో తిప్పి చూశాడు. "మెకానిక్ చెయ్యి కాదిది. రవికెలు కుట్టే చెయ్యి" అన్నాడు.

మా కారు కింద రవికెలు కుట్టే చెయ్యికి ఏం పని? నాకు ఆ పూట భోజనం మీద ధ్యాస లేదు.

మెకానిక్ ఇంకో మాట కూడా అడిగాడు. కొత్త బుష్షులు వేస్తే గేరు ఎవరు వేసినా పడుతుంది. పాత అలవాటే కావాలంటే కొంత లూజు ఉంచగలడు. లోపలున్నదేమిటో చూశాక దాన్ని మళ్లీ మూత కింద దాచడం నాకు నామోషీ అనిపించింది. సరిగ్గానే చెయ్యమన్నాను.

ఆ కారు భాగాలు ఎక్కడా దొరకవు. పట్టు మిషన్లకు వాడే నైలాన్ కడ్డీని లేతు మిషను మీద తిప్పించి బుష్షులు చేశాడు. కొత్త పిన్నులు వేశాడు. గేరును న్యూట్రల్‌లో పెట్టి, రాడ్డు చివరి నట్టును అరచుట్టు చొప్పున తిప్పుతూ పొడవు సరిచేశాడు. రెండు రోజులు పట్టింది. తర్వాత అతను వేస్తే గేర్లు చప్పుడు లేకుండా పడ్డాయి. నేను కూర్చున్నాను. నా చెయ్యి అలవాటుగా పైకెత్తి, ఆగి, తోసింది. కరకరమంది. ఆ కారు నడపడం రానివాణ్ణి ఆ షెడ్డులో నేనొక్కణ్ణే.

మా ఇంటి పాత సంగతులు తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది కుప్పంలో ఉన్న మేనత్త ఒక్కతే. తోలుముక్కను కాగితంలో చుట్టుకుని మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. పుంగనూరు దాటేసరికి పైకెత్తడం మానుకున్నాను. పలమనేరు దాటాక ఆగడం మానుకున్నాను.

అత్త వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. ఎనభై దాటినా కళ్లద్దాలు లేవు. తోలుముక్క అందుకుని, కుట్టును వేలితో తడిమింది.

"నాదే" అంది.

తాతగారు భూముల వ్యాజ్యం కోసం చిత్తూరు కోర్టుకు బస్సులో వెళితే మూడేసి రోజులు వచ్చేవారు కాదు. అప్పుడు అత్త కారును కళ్లం దాకా తోసుకుపోయి నడపడం నేర్చుకుందట. గేరు నిలవకపోతే కిందికి దూరి చూసింది. నాన్నగారి స్కూలు సంచీ పట్టీ కోసి, కుట్టి, కీలులో దోపింది. తాతగారు తిరిగొచ్చి గేరు వేస్తే వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఆ రాత్రి భోజనాల దగ్గర, బండి తన చెయ్యి గుర్తుపట్టిందని ఆయన అందరికీ చెప్పారట.

"నేనే వడ్డిస్తా ఉండాను. నవ్వు ఆపుకోలేక చారు ఆయన పంచె మీద ఒలకబోసినా."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెప్తే తాళం దాచేస్తాడు గదప్పా. నాకు కారు గావల్ల గానీ పేరు యాల?"

నాకు చెయ్యి అప్పగించిన రోజు అత్త అక్కడే ఉంది. గేరు చప్పుడు విని తోలు అరిగిపోయిందని ఆమెకు తెలిసింది. నాన్నగారు అంత నిష్ఠగా నేర్పుతుంటే అడ్డం రాలేకపోయిందట.

"మీ నాయన నీకు నేర్పిచ్చింది గేరు కాదురా. నా కుట్టు ఎంత అరిగిందో అంత."

అత్త ప్రహరీ మీదుగా కారునే చూస్తోంది. తాళం ఆమె చేతిలో పెట్టాను. ఆమె కాదనలేదు, వయసు మాట ఎత్తలేదు. చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది. ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది, అందులో తిప్పుతానంది. రమ్మని పక్క సీటు తట్టింది.

పెద్దయ్యాక ఆ వైపు సీట్లో నేనెప్పుడూ కూర్చోలేదు. తలుపు లోపలి పిడి ఎక్కడుందో వెతుక్కుంటుండగానే కారు కదిలింది.