నాయిన చేతికి వినిపించిన హార్డ్ డిస్క్

మా ఇంట్లో సినిమాలు చూసే కంప్యూటర్‌ను నా చేతులతో నేనే బిగించాను. బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చునే ఆడమనిషికి స్క్రూడ్రైవర్‌తో ఏం పని అని మా ఆయన ఎగతాళి చేసినా వినలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. దుకాణంలో అన్నిటికన్నా వేగంగా తిరిగే హార్డ్ డిస్క్ కొని, నల్లటి డబ్బాలో బిగించి, టీవీ కింద బల్ల మీద కూర్చోబెట్టాను. అది కొంచెం గురగురమనేది. ఫ్యాను తిరిగే ఇంట్లో ఆ మాత్రం చప్పుడు ఉండదా అని నేనే దాని తరఫున వకాల్తా పుచ్చుకునేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ముగ్గురం సినిమా చూసేవాళ్లం: నేను, మా ఆయన, మాతోనే ఉండే మా నాయిన. నాయిన నాంపల్లి స్టేషన్‌లో బోగీలు తనిఖీ చేసే పని చేసి రిటైరయ్యాడు. బండి రాగానే సుత్తితో చక్రాలను కొట్టి, ఆ మోతను బట్టి పగులు ఉందో లేదో చెప్పేవాడు. ఆ మోతలే చెవులను తినేశాయి. ఇప్పుడు చెవి మిషన్ లేనిదే పని జరగదు. బాగా వినబడాలని ఆయన కుర్చీని టీవీ పక్కకే, అంటే నా డబ్బా పక్కకే జరిపాను.

నవ్వొచ్చే సన్నివేశాల్లో నాయిన ఎప్పుడూ మా తర్వాత నవ్వేవాడు. వయసు మీద పడింది కదా అనుకున్నాం. నాయిన నవ్వు లేటుగా నడిచే ప్యాసింజరు బండి అని నేను ఏడిపించేదాన్ని. దానికీ నవ్వేవాడు.

ఇట్లా రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం, సినిమాలో అందరూ మౌనంగా ఉన్న చోట సన్నగా కుయ్‌మని ఈల వినిపించింది. టీవీని చూశాను, డబ్బాను చూశాను. ఈల నాయిన చొక్కా జేబులోంచి వస్తోంది. చెవిలో ఉండాల్సిన మిషన్ ఆపకుండానే జేబులో పడి కూస్తోంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది పెట్టుకోకుండా ఇన్నాళ్లూ ఏం వింటున్నావని గట్టిగానే అడిగాను. ఆయన తీరిగ్గా మిషన్ చెవికి పెట్టుకుని, మళ్లీ అడగమన్నాడు. మళ్లీ అడిగాను.

"గిది పెట్టుకుంటే సినిమా ఇనొస్తలేదు బిడ్డా. నీ డబ్బా సప్పుడే గూడ్సు బండి లెక్క మోగుతది," అన్నాడు. "నువ్వు ఇష్టంగ చేసుకున్నవ్, ఎట్ల చెప్తా? మీరు నవ్వంగనె నేను గూడ నవ్వుతుంటి."

మిషన్ మాటలను పెంచినట్టే మోతనూ పెంచుతుందని నాకు తట్టనే లేదు. రెండేళ్లుగా ఆయన చూసింది సినిమాను కాదు, మా మొహాలను. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి శనివారం ఆయనను వెంటబెట్టుకుని అబిడ్స్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణానికి వెళ్లాను. లోపల ఏదీ తిరగని, చప్పుడే చేయని ఎస్‌ఎస్‌డీలు ఉన్నాయి కానీ, మా సినిమాలన్నీ పట్టేంత పెద్దది మా తాహతుకు మించింది. తిరిగేవాటిలోనే చప్పుడు తక్కువ చేసేది వెతకాలి. దుకాణదారు మూడు డిస్కులను బల్ల మీద పరిచి కరెంటు ఇచ్చాడు. ఒంగి చెవి ఆనించాను. బయట ఆటోల హారన్లు, పక్క దుకాణంలో పాటలు తప్ప ఏమీ వినపడలేదు. చివరికి పెట్టెల మీది వేగం అంకెలు చదివాను. మనసు మళ్లీ వేగంగా తిరిగేదాని మీదికే పోయింది. అలవాటు చావదు.

అప్పుడు నాయిన ముందుకొచ్చాడు. మిషన్ తీసి జేబులో పెట్టుకుని, కళ్లు మూసుకుని, కుడిచెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపు ఒక్కో డిస్కుకు ఆనించాడు. ఆ చెయ్యిని చిన్నప్పుడు స్టేషన్‌లో చూశాను. ఆగిన ప్రతి బోగీ చక్రాల దగ్గరి ఇరుసు పెట్టె మీద అట్లాగే ఆనించి, వేడెక్కిందో లేదో చెప్పేవాడు. అరచెయ్యి పనిచేసి చేసి మొద్దుబారుతుందనీ, వెనకవైపు అబద్ధం చెప్పదనీ అనేవాడు.

మొదటిది వణుకుతోందన్నాడు. నాకు నచ్చినదాన్ని తాకి, "ఇది ఉరుకుతున్నది. ఎటు పోవాల్నని?" అన్నాడు. మూడోదాని మీద చాలాసేపు చెయ్యి ఉంచాడు. "గిది కుదురుగున్నది. గిది తీస్కో."

పెట్టె మీది అంకె చూస్తే మూడింటిలోకీ నెమ్మదిగా తిరిగేది అదే. కాపీ చేయడానికి ఆలస్యమవుతుందేమోనని నసిగాను. సినిమా చూసేందుకు గుర్రమెందుకు మేడం, ఎద్దు చాలు అని దుకాణదారు నవ్వాడు. అతను కూడా చెయ్యి తిరగేసి మూడింటినీ తాకి చూసి, తేడా తెలిసినట్టు తల ఊపాడు. తెలిసిందని నాకైతే నమ్మకం లేదు.

ఇంటికొచ్చాక నాయిన పాత సైకిల్ ట్యూబును ముక్కలుగా కోసి, డిస్కును బిగించే చోట కింద పెట్టించాడు. బోగీకి స్ప్రింగు ఎట్లాగో దీనికి రబ్బరు అట్లాగట. బిగించింది నేనే అయినా ఈసారి పెద్దమేస్త్రీ ఆయన.

ఆదివారం వచ్చింది. మోత మళ్లీ వస్తే నాయిన చెప్పడు, మిషన్ తీసి జేబులో వేసుకుంటాడు, అంతే. ఒక హాస్య సినిమా పెట్టి, ఆయన కుర్చీ పక్కన చాప మీద కూర్చున్నాను. మిషన్ చెవికే ఉంది. కాసేపటికి టీవీలో ఎవరో ఏదో అన్నారు. నాయిన గట్టిగా నవ్వాడు. మా ఆయన ఇంకా నవ్వలేదు.

ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేను నాయిన మొహమే చూస్తున్నాను. ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను.