ఆవు కొవ్వు రంగు రాయి

రాళ్లకు సానపట్టే ఆ పెద్దాయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నలభై ఏళ్లు రాళ్లతో బతికేసరికి మనుషులంటే రోత పుట్టిందంటాడు. అందరికన్నా ఎక్కువ రోత సొంత అల్లుడి మీద. దుకాణం అల్లుడిది. వెనకగదిలో సానచక్రం, నీళ్ల గిన్నె, కిటికీ పక్కన ముక్కాలిపీట మామగారివి.

గొడవ గోమేధికంతో వచ్చింది. గో అంటే ఆవు, మేదస్సు అంటే కొవ్వు. కరిగిన కొవ్వులా ఉంటుంది కాబట్టి రాయికి ఆ పేరు పడింది. రాయిని బట్టి ఆ రంగును గోమేధిక వర్ణం అన్నారు. భూతద్దంలో చూస్తే లోపల జిడ్డు తేలినట్టు చారలుంటాయి. అసలు రాయికి గుర్తే అది.

అల్లుడికి ఆ సంగతి వింటేనే వెగటు.

"ఛీ, కొవ్వేంటి మావయ్యా! తేనెరాయి అని చెప్దాం. ఆ మురికి చారల సరుకంతా అడిగినోడికి అడిగినట్టు వదిలించేశా. కొత్తవి చూడండి, ఎంత శుభ్రంగా ఉన్నాయో!"

పెద్దాయన ఒకటి తీసి చూశాడు. చారల్లేవు. గుండ్రటి గాలిబుడగలు రెండున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఈ ఘనుడు అసలు రాళ్లు వదిలించుకుని గాజుముక్కలు తెచ్చుకున్నాడు.

"ఇది గాజు, అల్లుడూ."

అల్లుడి మొహం మాడింది.

"అయిందేదో అయింది. మీరు మాత్రం నోరు మెదపకండి. ఈ కొట్టు మూతపడితే వీధిన పడేది మీ అమ్మాయే."

థూ, వీడూ ఒక మనిషేనా అనుకున్నాడు పెద్దాయన.

ఆ మధ్యాహ్నమే ఒక నర్సమ్మ వచ్చింది. ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరైందట. నాకోసమంటూ నేను కొనుక్కునే మొదటి వస్తువు ఇదేనని మురిసిపోతూ చెప్పింది. గోమేధికం ఉంగరం ఏరుకుని, తిన్నగా వెనకగది గుమ్మం దగ్గరికొచ్చింది.

"పెద్దాయనా, మీ మాట మీదే కొంటున్నా. అసలుదేనా?"

బల్ల దగ్గర రసీదు రాస్తున్న కూతురి కలం ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"అసలుదేనమ్మా" అన్నాడు. అని, ఉండబట్టలేక భూతద్దం ఆమె ముందుకు చాపాడు. "మీరూ ఒకసారి చూసుకోండి."

నర్సమ్మ నవ్వేసింది.

"మీరు చెప్పాక ఇంకా చూసేదేముంది?"

ఉంగరం వేలికి పెట్టుకుని వెళ్లిపోయింది. అప్పుడు కూతురు తలెత్తి తండ్రిని చూసింది. ఆ కళ్లలో కృతజ్ఞత కనబడేసరికి పెద్దాయన సానచక్రం వైపు తిరిగి, థూ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాడు.