ఆగిపోయిన దగ్గు

నా చిన్నప్పుడు, వరుసగా వానలు తప్పిన ఏళ్ళలో, మా ఊరి వెనక గుట్ట ఎండాకాలంలో కాలుతూ ఉండేది. ఎండిన పాత బోదగడ్డి తగలబెడితే తొలకరికి లేత గడ్డి వస్తుందని గొర్రెల కాపరులే నిప్పు పెట్టేవాళ్ళు. ఒక ఏడు గాలి మళ్ళి పొగంతా ఊరి మీదికి దిగింది. పట్టపగలే పొద్దు రాగి చెంబు అడుగులా ఎర్రబడింది. కాకుల అలికిడి లేదు, కుక్కలు మొరగలేదు. పొగలో కనబడని ఇళ్ళ నుంచి ముసలివాళ్ళ దగ్గులు మాత్రం వినిపించేవి.

మా అవ్వ నా ముక్కుకు తడిగుడ్డ కట్టి గడపలో కూర్చోబెట్టింది. ఏ దగ్గు ఎవరిదో వింటూ ఉండమంది. మనుషులు పోయి గొంతులే మిగిలినట్టు నాకు అనిపించింది. గుట్ట కింద గుడిసెలో ఒంటరిగా ఉండే గొర్రెల తాతదే అన్నిటికన్నా పెద్ద దగ్గు. ఊళ్ళో పెద్ద మిద్దెలో ఉండే అవ్వది అసలు వినబడలేదు. కాసేపటికి తాత దగ్గు కూడా ఆగింది.

"తాతకు నయమైనట్టుండాదవ్వా," అన్నాను సంతోషంగా.

మా అవ్వ చేతిలోని చాట కింద పడేసింది. "మిద్దెలో దగ్గు లేదంటే తలుపులేసుకున్నారని. గుడిసెలో నిలిచిపోయిందంటే నయం కాదే పాపా. లెయ్, పోవల్ల."

ఆమె కొంగు పట్టుకుని నడిచాను. గుడిసె ముందరి దొడ్డిలో గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఒకటి తల దూర్చి, చప్పుడు లేకుండా నిలబడి ఉన్నాయి. గుడిసెకు తలుపు లేదు. కంపల గోడ సందుల్లోంచి పొగ తీరిగ్గా లోపలికి వస్తోంది. తాత కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ మమ్మల్ని చూడడం లేదు.

ఆయనను గొంగళి మీదికి దొర్లించి, ఇద్దరం ఈడ్చుకుంటూ పెద్ద మిద్దె దాకా తెచ్చాం. ఎంతసేపు కొట్టినా తలుపు తీయలేదు. చివరికి తీసిన ఆ అవ్వది కూడా తాత వయసే. ఆకాశం చూసి బిత్తరపోయింది.

"గుట్ట అంటుకునిందా? నాకు తెలీనే లేదే."

"మీకు గోడలుండాయమ్మా. ఈయప్పకు సందులే," అని మా అవ్వ, రమ్మనకముందే గొంగళిని నడవలోకి లాగింది.

ఆ చల్లని నడవలో తడిగుడ్డతో ముఖం తుడుస్తూ కూర్చున్నాం. తాత చాలాసేపు ఉలకలేదు. ఆ తరువాత గొంతు చీలిపోయేలా దగ్గాడు. అది విని నేను సంతోషంతో ఏడ్చేశాను.

ఇప్పుడు నాకూ వయసు మళ్ళింది. నాకు గోడలున్నాయి, గట్టి తలుపులున్నాయి. గుట్ట కాలే రోజున మాత్రం తలుపు తీసుకుని గడపలోనే కూర్చుంటాను. దగ్గులు వినిపిస్తున్నంతసేపు నాకు భయం లేదు. ఒకటి ఆగిందంటే, చెప్పులు వెతుక్కుంటాను.