బీరువా వెనక డ్రమ్ము

మాబున్నీసా అక్క ఇంట్లో నీళ్లు ఒక్కసారి వాడితే అయిపోవు. బియ్యం కడిగినవి మేకకు, కూరగాయలు కడిగినవి గోరింట మొక్కకు, బట్టలు జాడించినవి బాత్రూంలోకి. నమాజుకు ముందు వజూకని చేతులూ మొహమూ కడుక్కునేటప్పుడు కూడా కాళ్ల కింద బేసిన్ పెట్టుకుని, ఆ నీళ్లతో వసారా తుడిచేది. ఆవిడ పుట్టింది రెంటచింతలలో. ఎనిమిదేళ్లప్పుడు దూరం నుంచి మోసుకొస్తున్న బిందె చేజారితే వాళ్ల నాన్న చెంప పగలగొట్టాడట. దెబ్బ సంగతి మర్చిపోయింది గానీ మట్టిలో ఇంకిపోయిన ఆ నీళ్లను మాత్రం నలభై ఏళ్లయినా మర్చిపోలేదు.

నా పేరు సుబ్బరత్నమ్మ, మాచర్లలో ఆశా వర్కర్‌ని. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అక్క భర్త షౌకత్ బళ్ల మెకానిక్. వాళ్లకు ఒక్కతే కూతురు, నజీమా, డిగ్రీ రెండో ఏడు చదివేది. దాని జుట్టు నడుము దాటి ఉండేది. తల్లేమో తలస్నానానికి కూడా ఒక్క బకెట్టే ఇచ్చేది. అంత జుట్టుకు ఆ నీళ్లు ఏ మూలకు? తలకు తుండు చుట్టుకుని, సగం నురగతోనే మా ఇంటికి పరిగెత్తుకొచ్చేది.

"పిన్నీ, ఇంకొక్క బకెట్టు. అమ్మకు చెప్పబాక."

నేను నీళ్లు పోసేదాన్ని. గోడ అవతల నుంచి అక్క "ఒసే, అక్కడివి కూడా నీళ్లే కదటే" అని అరిచేది. ముగ్గురం నవ్వుకునేవాళ్లం.

మా సందులో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడు ఎవరి సామాను వాళ్లు నింపుకుంటాం. శుక్రవారం మాత్రం డ్రై డే. నిలవ నీళ్లన్నీ ఒంపేసి, డ్రమ్ములు రుద్ది ఆరబెట్టాలి. లేకపోతే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఇంటింటికీ తిరిగి ఇది చెప్పి, చూసి, రిజిస్టరులో రాయడం నా పని. సందులో అందరూ ఒంపేవాళ్లు, తిట్టుకుంటూనైనా. అక్క ప్రాణం మాత్రం ఒప్పుకునేది కాదు.

"మంచినీళ్లు మట్టిపాలు చేయమంటావేందే రత్నమ్మా? మీ ఆఫీసరు ఎప్పుడన్నా బిందె మోశాడా?"

పోయిన ఏడు వానల్లో ఒక శుక్రవారం వెళ్లేసరికి వాకిట్లో డ్రమ్ములన్నీ బోర్లించి ఉన్నాయి. నాకు ఆశ్చర్యమేసింది.

"లోపల ఇంకేమన్నా ఉన్నయ్యా అక్కా?"

"ఏం లేవు. నా మాట మీద నమ్మకం లేదా?" అంటూ టీ గ్లాసు చేతికిచ్చింది.

తలుపు సందులోంచి బీరువా వెనక నీలం రంగు కనిపించింది. డ్రమ్ము అంచు. దాని మీద పాత చీర కప్పి ఉంది. రెండడుగులు వేస్తే చాలు, చీర తీసి చూసేదాన్ని. వేయలేదు. అక్క చిన్నబుచ్చుకుంటుందని, రోజూ మొహాలు చూసుకునేవాళ్లమని, చేతిలో టీ ఉందని. రిజిస్టరులో "అన్నీ ఖాళీ" అని రాశాను. తర్వాతి రెండు శుక్రవారాలూ అదే రాశాను.

నాలుగో వారం నజీమాకు జ్వరమొచ్చింది. రెండో రోజే రక్తపరీక్ష చేయించాను, డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే గుంటూరు తీసుకెళ్లారు. ఆరో రోజు పొద్దున అంబులెన్సులో దాని శవం వచ్చింది.

మా సందులో ముస్లిం ఆడవాళ్లు ఎవరు పోయినా గుసుల్, అంటే ఆఖరి స్నానం, చేయించడానికి అక్కనే పిలుస్తారు. ఇరవయ్యేళ్లుగా ఎందరికో చేయించింది. ఆ రోజు వేరేవాళ్లు చేస్తామంటే వినలేదు.

"నా బిడ్డకు నేనే చేయిస్తా."

పరదా కట్టారు. కుళాయి వచ్చే రోజు కాదు. ఉన్న నీళ్లు వచ్చిన జనానికే అయిపోయాయి. అక్క ఒక్క క్షణం ఆలోచించి, "బీరువా ఎనక డ్రమ్ము ఉంది, తెండి. మంచినీళ్లు, దాచిపెట్టా" అంది.

ఇద్దరు ఆడవాళ్లు డ్రమ్ము ఈడ్చుకొచ్చారు. అక్కే చీర తీసింది. దాని చినుగులోంచి ఒక దోమ ఎగిరిపోయింది. నీళ్ల నిండా లార్వాలు, సన్నటి పురుగులు, మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ పోతున్నాయి.

అవేమిటో అక్కకు తెలుసు. ప్రతి శుక్రవారం నేను చూపించే పోస్టరు మీద ఆ బొమ్మే ఉంటుంది.

నేను ఇంట్లోకి పరిగెత్తి రెండు బకెట్లు తెచ్చాను. తలా ఒకటి సందంతా తెచ్చింది. పరదా ఇవతల నిలబడితే లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"పొయ్యండి. ఇంకా పొయ్యండి."

"చాలు మాబున్నీసా, మూడుసార్లు అయింది."

"జుట్టులో నురగ పోలా. ఇంకో బకెట్టు తెండి."

నురగ ఎక్కడుంది? నేను మళ్లీ నీళ్లకు వెళ్లాను. గోడ పట్టుకుని ఏడ్చాను. చివరికి ఎవరో ఆవిడ చేతిలోంచి మగ్గు లాక్కున్నారు.

ఏ దోమ కుట్టిందో ఎవరూ చెప్పలేరు. సందు నిండా దోమలే, కాలేజీలోనూ ఉంటాయి. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక ఆ మాటే అక్కతో అన్నాను. వింది. నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం రిజిస్టరు పట్టుకుని వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను, లోపలికి పోబుద్ధి కాలేదు. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుని బీరువా దాకా తీసుకెళ్లింది. డ్రమ్ము లేదు. అది ఉన్నచోట గచ్చు మీద గుండ్రటి మరక ఉంది.

"నా మాట నమ్మబాక. వంగి చూడు."

ఇక నా వల్ల కాలేదు. "అక్కా, ఆనాడే చూశాను నేను. డ్రమ్ము కనపడింది. ఊరుకున్నాను" అన్నాను. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

అక్క కింద కూర్చుని చీర కొంగుతో ఆ మరక తుడిచింది.

"నువ్వు చూసినావని నాకు తెలుసే," అంది. "చూసి గూడా ఏమనలేదని ఆ రోజు చానా సంతోషపడ్డా. నా నీళ్లు మిగిలినయ్యని."