పులితోలు అన్న పాపానికి

గద్వాలలో బ్యాగుల జిప్పులు బాగుచేసే కొట్టు నాది. ఏడో తరగతిలో లెక్కల సారుకూ నాకూ పడక నేను బడి మానేశాను. సారు మాత్రం మానలేకపోయారు, పాపం. యుద్ధకాలపు తోలు కోట్ల పిచ్చి నాకు జిప్పువల్లే పట్టింది. ఒకసారి రిపేరుకు వచ్చిన కోటుకు ఇత్తడి జిప్పు ఉంది. అరిగిపోయింది కానీ ఒక్క పన్నూ ఊడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపినవాళ్లు తొడుక్కున్న రకమని తర్వాత తెలిసింది. అప్పటినుంచి వెతుకుతున్నాను. నకిలీలే ఎక్కువ. కొత్త తోలుకు టీనీళ్లు పట్టించి ముసలిదాన్ని చేస్తారు, కొత్త నైలాన్ కుట్టుదారం దగ్గర దొరికిపోతారు.

అసలువి రెండు సంపాదించాను. మూడోది నల్లమలలో, ఒక చెంచు కుటుంబం ఇంట్లో కనబడింది. ఆ ఇంటి పెద్దాయన తండ్రి యుద్ధం రోజుల్లో హైదరాబాదులో విమానాలు దిగేచోట కూలిపని చేశాడట. వెళ్లిపోతూ ఒక దొర ఆ కోటు ఇచ్చిపోయాడట. లోపలంతా దట్టమైన బొచ్చు, మెడపట్టీ ముదురు గోధుమరంగు. చలికాలంలో ఇంట్లో పుట్టిన పిల్లలందరినీ దానిమీదే పడుకోబెట్టారు. నాలుగు కొత్త రగ్గులిస్తే, కోటు నాకిచ్చారు.

గోనెసంచిలో కుక్కి బస్సెక్కాను. పక్కన భుజాన గొంగడి వేసుకున్న పెద్దాయన కూర్చున్నాడు. తిమ్మాజిపేట మనిషట.

"ఏంది బిడ్డా సంచిల? వాసనొస్తున్నది."

"పులితోలు తాతా. జర మెల్లగ మాట్లాడు, లేస్తది."

ఆయన నవ్వలేదు. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. కాసేపటికి లేచి కండక్టరు దగ్గరికి పోయాడు. టికెట్ కోసమనుకున్నాను.

అడవి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. ఖాకీబట్టల ఆఫీసరు పైకెక్కి, "పులితోలు ఎవలిది?" అన్నాడు. బస్సంతా నావైపే చూసింది. నన్నూ సంచినీ దింపారు. సాక్ష్యానికి తాతనూ దింపారు. బస్సు వెళ్లిపోయింది. మమ్మల్ని చెక్‌పోస్టు గదిలోకి తీసుకెళ్లారు.

"యుద్ధంల విమానం నడిపినోని కోటు సార్."

"మరి విమానం ఏడ దాచినవ్?"

నేను నిజం చెప్పేకొద్దీ అది అబద్ధంలా వినబడసాగింది. ఆఫీసరు మెడపట్టీ తిప్పి చూశాడు. "చారలు లేవు. ఎలుగుబంటిది గావొచ్చు. ముక్క కోసి పరీక్షకు హైదరాబాదు పంపుతం. రిపోర్టు వచ్చేదాక నువ్వు జైల్ల ఉండాలె. గీ కేసులల్ల బెయిలు అంత జల్ది దొరకదు."

నీళ్లిచ్చారు. ఇంటికి ఫోన్ చేసి, "నన్ను అడవోళ్లు పట్టుకున్నరు" అన్నాను.

"పులి పట్టలేదా?" అని నా భార్య నవ్వి పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇన్నేళ్లు నేను ఆడిన పరాచికాలన్నీ ఆ గదిలో నాకు ఎదురు నిలబడ్డాయి. రేపు నా మాట ఎవరు నమ్ముతారు?

అప్పుడు తాత, "సార్, ఒకసారి జూడొచ్చా?" అన్నాడు. కోటు లోపలినుంచి ఒక వెంట్రుక, మెడపట్టీనుంచి ఒకటి పీకాడు. గోళ్లతో సాగదీసి వదిలాడు. రెండూ మెలికలు తిరిగి ముడుచుకున్నాయి.

"గొర్రె సార్. ఎలుగుదైతే సీదగ ఉంటది, గిట్ల ముడుసుకోదు. దొరల సీమ గొర్రె గావొచ్చు, మనకాడ గింత మెత్తది లేదు."

ఆఫీసరు తానే ఒక వెంట్రుక లాగి చూశాడు. ముడుచుకుంది. ఇంకొకటి లాగాడు. అది కదల్లేదు, చెమటపట్టిన వేలికి అంటుకుని ఉండిపోయింది. ఆయన వేలు తుడుచుకుని మళ్లీ సాగదీశాడు. మెల్లగా ముడుచుకుంది.

"రాసియ్యి" అంటూ కాగితం తోశాడు. "గొర్రెతోలు కోటు" అని రాయడానికి నాకు రెండు కాగితాలు పట్టాయి, మొదటిది కొట్టివేతలకే సరిపోయింది. కింద తాత వేలిముద్ర వేశాడు.

బయటికొచ్చి ఎండలో నిలబడ్డాం. "నేను నవ్వులకన్న తాతా" అన్నాను.

"ఎండకాలం మందను గీ అడవికే తోల్కొస్తం. మొన్నటేడు పులి పడి మూడు గొర్లను ఎత్కపోయింది. మంద కాసే మా తమ్మునికి ఆ భయంతోని ఇప్పటికీ మాట సక్కగ రాదు. ఆ పేరెత్తితే మాకు నవ్వు రాదు బిడ్డా."

ఇంకో బస్సు వచ్చింది. ఎక్కాక, సంచి ఆయన కాళ్లదగ్గర పెట్టబోయి ఆగాను. నా ఒళ్లోనే పెట్టుకున్నాను.